కొత్త బస్సుకు పెట్టే పరీక్షలు

సూరత్ నగరానికి ఆగ్నేయ దిక్కున గోడాదరా అనే పేట ఉంది. దాని చుట్టుపక్కల లింబాయత్, పర్వత్ పాటియా, డిండోలి. ఈ వీధుల్లో కాసేపు నడిస్తే చాలు, పవర్‌లూముల చప్పుడు మధ్య నుంచి తెలుగు మాటలు చెవిన పడతాయి. వరంగల్లు, నల్లగొండ, కరీంనగర్ ప్రాంతాల నుంచి నేతపని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలి కుటుంబాలు రెండు మూడు తరాలుగా ఇక్కడ స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతున్నదంటే వీరి సంఖ్య ఎంతో ఊహించుకోవచ్చు.

ఈ కుటుంబాలు పెళ్ళికో, బతుకమ్మ పండుగకో సొంత ఊరికి బయలుదేరితే ప్రయాణం దాదాపు వెయ్యి కిలోమీటర్లు. రైలులో బెర్తు దొరకకపోతే స్లీపర్ బస్సే గతి. సాయంత్రం బస్సు వచ్చి ఆగుతుంది. పిల్లలు పై బెర్తు కోసం పోట్లాడుకుంటారు. బస్సు టాపు మీదికి చీరల మూటలు, పార్సిళ్ళు ఎక్కుతాయి. రంగు మెరుస్తూ, సీట్ల వాసన ఇంకా పోని కొత్త బస్సయితే అందరికీ ఒక ధైర్యం: కొత్తది కదా, ఏమీ కాదులే!

ఇంతకీ ఆ ధైర్యానికి ఆధారం ఏమిటి? ఆ బస్సు రోడ్డెక్కే ముందు దాన్ని ఎవరు పరీక్షించారు? ఏమని పరీక్షించారు? పన్నెండేళ్ళు నడవవలసిన బస్సు పన్నెండేళ్ళూ నిలుస్తుందో లేదో మొదటి రోజునే ఎలా చెప్పగలరు? ఈ ప్రశ్నలకు జవాబు కోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి. బస్సు పుట్టకముందు కాలానికి, ఒక రైలు ప్రమాదం దగ్గరికి.

విరిగిన ఇరుసు, తాళం వేసిన తలుపులు

1842 మే 8. ఫ్రాన్సు రాజు లూయీ ఫిలిప్ గౌరవార్థం వెర్సాయ్‌లో ఉత్సవాలు జరిగాయి. వాటిని చూసి పారిస్‌కు తిరిగి వస్తున్న జనంతో రైలు కిక్కిరిసి ఉంది. మార్గమధ్యంలో ముందున్న ఇంజను ఇరుసు పుటుక్కున విరిగింది. ఇంజను పట్టాలు తప్పింది, వెనకనున్న రెండో ఇంజను, పెట్టెలు దాని మీదికి ఎక్కాయి. నిప్పుల పొయ్యి లోంచి మంటలు చెక్క పెట్టెలకు అంటుకున్నాయి. ప్రయాణికులు మధ్యలో దిగిపోకుండా పెట్టెల తలుపులకు తాళం వేయడం ఆ రోజుల్లో అలవాటు. లోపలివారు బయటికి రాలేకపోయారు. 50 మందికి పైగా చనిపోయారు. అంటార్కిటికా దాకా ఓడ నడిపిన ప్రసిద్ధ అన్వేషకుడు ద్యుమోం ద్యుర్విల్ కూడా భార్యతో, కొడుకుతో సహా ఆ మంటల్లోనే మరణించాడు. మంచు సముద్రాలు దాటి వచ్చిన మనిషి ఉత్సవం చూసి ఇంటికి వెళ్తూ చనిపోయాడన్నమాట.

ఈ ఒక్క ప్రమాదంలో రెండు ప్రశ్నలున్నాయి. ఇరుసు ఎందుకు విరిగింది? విరిగిన తర్వాత మనుషులు ఎందుకు బయటపడలేకపోయారు? మొదటిది మన్నికకు సంబంధించినది, రెండోది భద్రతకు సంబంధించినది. నేటి బస్సుకు పెట్టే పరీక్షలన్నీ ఈ రెండు ప్రశ్నల సంతానమే.

రెండో ప్రశ్నకు ఫ్రాన్సులో వెంటనే జవాబు దొరికింది: తలుపులకు తాళాలు వేయడం మానేశారు. మొదటి ప్రశ్న మాత్రం శాస్త్రజ్ఞులను చాలాకాలం వేధించింది. ఆ ఇరుసు మీద పడిన బరువు అసాధారణమైనదేమీ కాదు. అంతకు ముందు ఎన్నో రోజులు అదే బరువు మోసింది. నిన్న విరగనిది ఈ రోజు ఎందుకు విరగాలి? వాడకంలో ఇనుము లోపలి నిర్మాణం మారిపోయి పెళుసెక్కుతుందని అప్పట్లో చాలామంది నమ్మారు. స్కాట్లాండుకు చెందిన విలియం రాంకిన్ అనే యువ ఇంజనీరు 1843లో దీనికి వేరే వివరణ ఇచ్చాడు. ఇరుసు సన్నబడే మూల దగ్గర మొదట చిన్న పగులు పుడుతుంది, అది మెల్లమెల్లగా లోపలికి పాకుతుంది, మిగిలిన లోహం బరువు మోయలేనప్పుడు ఒక్కసారిగా విరుగుతుంది అన్నాడు. కనుక ఆ మూలను పదునుగా కాక గుండ్రంగా మలచాలని సూచించాడు.

మీరు దీన్ని ఇంట్లోనే చూడవచ్చు. ఒక ఇనుప తీగను రెండు చేతులతో పట్టుకుని లాగండి, తెగదు. అదే తీగను ఒకే చోట అటూ ఇటూ పది పదిహేను సార్లు వంచండి, విరిగిపోతుంది. గోడాదరా నేతగాడికి ఇది చెప్పవలసిన పనే లేదు. పాత రకం పవర్‌లూములో నాడెను కొట్టే కర్ర నిమిషానికి నూరుసార్లకు పైగా దెబ్బ కొడుతుంది. ఏ ఒక్క దెబ్బా దాన్ని విరిచేంత పెద్దది కాదు. అయినా లక్షల దెబ్బల తర్వాత ఒక రోజు విరుగుతుంది. లోహాల్లో ఈ గుణాన్ని లోహ శ్రాంతి అంటారు. తేలిక మాటలో చెప్పాలంటే లోహానికి అలసట.

ఈ అలసటను మొదట లెక్కకు లొంగదీసినవాడు జర్మనీ రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్. బండి కదులుతున్నప్పుడు ఇరుసు పైభాగం ఒక క్షణం సాగుతుంది, అర చుట్టు తిరిగి కిందికి రాగానే నొక్కుకుంటుంది. అంటే ఒక్కొక్క చుట్టూ తీగను ఒకసారి అటూ ఇటూ వంచడంతో సమానం. చక్రం వ్యాసం ఒక మీటరు అనుకుంటే, వెయ్యి కిలోమీటర్లకు 3 లక్షలకు పైగా చుట్లు! వోలర్ 1850ల నుంచి దాదాపు ఇరవయ్యేళ్ళ పాటు, ఇరుసులను యంత్రాలకు బిగించి, రకరకాల బరువులు వేలాడదీసి, విరిగేదాకా తిప్పుతూ పోయాడు. ఒక్కొక్క పరీక్షలో లక్షల, ఒక్కోసారి కోట్ల చుట్లు. 1870 నాటికి తేలినదేమంటే, బరువు తగ్గించేకొద్దీ ఇరుసు ఆయుర్దాయం కొంచెం కొంచెంగా కాదు, అనేక రెట్లు పెరుగుతుంది. ఉక్కులో అయితే ఒక హద్దుకు దిగువన ఎన్ని చుట్లు తిప్పినా విరగదు.

పన్నెండేళ్ళను కొన్ని నెలల్లో కుదించడం

వోలర్ సూత్రాన్ని తిరగేసి చూడండి. బరువు తగ్గిస్తే ఆయువు అనేక రెట్లు పెరిగితే, బరువు పెంచితే ఆయువు అనేక రెట్లు తరగాలి కదా! బస్సు మన్నిక పరీక్ష అంతా ఈ కిటుకు మీదే నడుస్తుంది. పన్నెండేళ్ళు ఆగే ఓపిక ఎవరికీ లేదు. కనుక మామూలు రోడ్డు ఇచ్చే కుదుపుల కన్నా పెద్ద కుదుపులిచ్చే దారి మీద తక్కువ దూరం నడిపిస్తారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ప్రతిబలం రెట్టింపయితే ఆయువు ఎన్ని రెట్లు తరుగుతుందనేది లోహాన్ని బట్టి, అతుకును బట్టి మారుతుంది. ఒక భాగానికి ఆ ఘాతం 5 అనుకోండి. అప్పుడు ప్రతిబలం రెండు రెట్లయితే నష్టం 2ను అయిదుసార్లు గుణించినంత, అంటే 32 రెట్లు. మామూలు రోడ్డు మీద 32 కిలోమీటర్లు తిరిగితే జరిగే అరుగుదల ఆ గతుకుల దారి మీద ఒక్క కిలోమీటరులో జరిగిపోతుంది. వెల్డింగు అతుకులకు ఈ ఘాతం సుమారు 3 ఉంటుంది. అప్పుడు 8 రెట్లే. అందువల్ల అన్ని భాగాలకూ ఒకే లెక్క పనికిరాదు.

అసలు రోడ్డు మీద కుదుపులన్నీ ఒకే సైజులో ఉండవు కదా, వాటిని కలిపి లెక్కించేదెలా అని మీకు సందేహం రావచ్చు. స్వీడన్‌లో పామ్‌గ్రెన్ 1924లో, అమెరికాలో మైనర్ 1945లో ఒక సులువైన పద్ధతి చెప్పారు. ఒక సైజు కుదుపు లక్షసార్లు తగిలితే విరుగుతుందనుకుంటే, ఒక్కో కుదుపు ఆయువులో లక్షో వంతు తినేసినట్టు. చిన్నవీ పెద్దవీ ఇలా వేరువేరుగా లెక్కకట్టి కూడాలి. మొత్తం ఒకటికి చేరినప్పుడు భాగం చచ్చినట్టు. ఇది ఉజ్జాయింపు లెక్కే సుమా! అయినా ఇంజనీర్లు నేటికీ దీన్ని వదలలేదు.

గతుకుల దారికి నమూనా బెల్జియం దేశపు పాత రాళ్ళ రోడ్లు. ఎగుడుదిగుడుగా పరచిన రాళ్ళ మీద బండి ఎముకలు కదిలిపోయేలా వణుకుతుంది. ఇంగ్లండులో మీరా అనే పరీక్షా సంస్థ మొదలు మన అహ్మద్‌నగర్‌లోని సైనిక వాహన పరిశోధన సంస్థ దాకా ఎక్కడ పరీక్షా మార్గం వేసినా ఒక ముక్కను ఇలాంటి రాళ్ళతో కట్టి, దానికి బెల్జియం పేరే పెట్టారు. ప్రయోగశాలలో అయితే నాలుగు చక్రాల కింద నాలుగు హైడ్రాలిక్ స్తంభాలు పెట్టి, బస్సును నిలబెట్టినచోటే ఎగరేస్తారు. నిజమైన రోడ్డు మీద, మన గుంతలతో, గుర్తులు లేని స్పీడు బ్రేకర్లతో సహా, చాసిస్‌కు అంటించిన వికృతి మాపకాలు రాసిపెట్టుకున్న కుదుపులనే ఆ స్తంభాలు మళ్ళీ వినిపిస్తాయి. పాటను రికార్డు చేసి మళ్ళీ మళ్ళీ వేసినట్టు!

చంద్రుడి మీద దిగినవారి బస్సు

ఇంత శాస్త్రం ఉన్నా, కొత్త బస్సును ఇలా పరీక్షించి తీరాలనే చట్టం రావడానికి అమెరికాలో ఒక పరాభవం అవసరమైంది. అపోలో యాత్రికులను చంద్రుడి మీద దింపిన వాహనం తయారు చేసినది గ్రమ్మన్ కంపెనీ. 1978లో అది ఫ్లెక్సిబుల్ అనే బస్సుల కంపెనీని కొనుక్కుంది. తేలికైన సరికొత్త నమూనా బస్సులు అమెరికా నగరాలకు వందల సంఖ్యలో వెళ్ళాయి. న్యూయార్కు వీధుల్లో కొన్ని నెలలు తిరిగేసరికి బస్సు అడుగు భాగంలోని ఉక్కు చట్రంలో పగుళ్ళు కనిపించాయి. 1980 డిసెంబరులో ఆ నగరం వందలాది కొత్త బస్సులను ఒక్కసారిగా రోడ్డు మీంచి తీసివేయవలసి వచ్చింది. చంద్రుడి మీద పనిచేసిన ఇంజనీరింగు న్యూయార్కు గుంతల్లో పనిచేయలేదు. బస్సు డిజైనులో బయటపడిన లోపాలను తమకు చెప్పలేదంటూ గ్రమ్మన్, తనకు ఆ కంపెనీని అమ్మిన సంస్థ మీద దావా వేసి ఓడిపోయింది కూడా.

బస్సులు కొనడానికి నగరాలకు డబ్బులో ఎక్కువ భాగం ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం. 1987లో అక్కడి పార్లమెంటు ఒక షరతు పెట్టింది: పరీక్షించని కొత్త నమూనా బస్సు కొనడానికి ప్రభుత్వ నిధులు ఇవ్వరాదు. ఇందుకోసం పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఆల్టూనా అనే పాత రైల్వే ఊళ్ళో పరీక్షా కేంద్రం వెలిసింది. 12 ఏళ్ళు లేదా 5 లక్షల మైళ్ళు, అంటే సుమారు 8 లక్షల కిలోమీటర్లు నడవవలసిన పెద్ద బస్సును అక్కడ గతుకుల మార్గంలో 15 వేల మైళ్ళు, అంటే దాదాపు 24 వేల కిలోమీటర్లు నడుపుతారు. భాగహారం చేయండి: 33 వస్తుంది. మనం పైన వేసిన 32కు ఇది దగ్గరగా ఉండడం కాకతాళీయమే, కాని ఏ స్థాయిలో కుదింపు జరుగుతుందో తెలుస్తుంది. ప్రయాణికులకు బదులు సీటుకు 150 పౌన్లు, అంటే 68 కిలోల చొప్పున బరువు పెడతారు. ఏ భాగం ఎన్ని మైళ్ళకు విరిగింది, దాన్ని మార్చడానికి మెకానిక్కుకు ఎన్ని గంటలు పట్టింది అన్నీ రాసి, ఆ నివేదికను అందరికీ బయటపెడతారు.

అయితే ఇందులో మన విద్యార్థులకు ఈర్ష్య కలిగించే సంగతి ఒకటుంది. 2016 దాకా ఆ పరీక్షలో పాసు మార్కు అంటూ లేదు! నివేదిక మాత్రమే ఇచ్చేవారు, కొనుక్కునేవాడు చదివి నిర్ణయించుకోవాలి. 2016లో కొత్త నిబంధనలు వచ్చి నూటికి 70 మార్కులు తప్పనిసరి చేశాయి.

చాసిస్ ఒకరిది, బాడీ ఇంకొకరిది

ఇక మన సంగతి. 1932 జూన్‌లో నిజాం ప్రభుత్వ రైల్వే 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా ప్రారంభించింది. గ్లాస్గో నగరపు ఆల్బియన్ కంపెనీ బస్సులవి. వాటిలో ఒకదాన్ని హైదరాబాదు ఆర్టీసీ వారు నేటికీ జ్ఞాపకంగా భద్రపరిచారు. ఆ సంస్థే 1951లో హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వ శాఖగా, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీగా మారింది. 1999లో 18 వేలకు పైగా బస్సులతో ప్రపంచంలోకెల్లా పెద్ద బస్సుల సమూహంగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది.

1932 నుంచి ఇప్పటిదాకా మన బస్సుల్లో చాలావాటికి మారని లక్షణం ఒకటుంది. చాసిస్ ఒకచోట తయారవుతుంది, బాడీ మరొకచోట. కిందనున్న ఇంజను, ఇరుసులు, ఉక్కు దూలాలు పెద్ద కార్ఖానాలో పుడతాయి. పైనున్న గది, అంటే మనుషులు కూర్చునే భాగం, ఇంకెక్కడో కడతారు. జాతీయ రహదారి మీద మీరు చూసే ఉంటారు: డ్రైవరు ముఖానికి తువ్వాలు చుట్టుకుని, చెక్క సీటు మీద ఎండలో కూర్చుని, బాడీ లేని చాసిస్‌ను బాడీ షెడ్డుకు తోలుకుపోతుంటాడు. ఆర్టీసీకి హైదరాబాదు మియాపూర్‌లో సొంత బాడీ కర్మాగారం ఉండేది. అక్కడ కొలతలు, నమూనాలు ఒక పద్ధతి ప్రకారం ఉండేవి. ప్రైవేటు బస్సులకు బాడీ కట్టే షెడ్లు మాత్రం దేశమంతటా వేల సంఖ్యలో పుట్టుకొచ్చాయి. వాటిలో కొందరు మేస్త్రీల పనితనం గొప్పదే, కాని పనితనం వేరు, పరీక్ష వేరు.

పుణెలో వాహన పరిశోధన సంస్థ 1966లో, కేంద్రీయ రోడ్డు రవాణా సంస్థ 1967లో ఏర్పడ్డాయి. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 126వ నియమం ప్రకారం ప్రతి కొత్త నమూనా వాహనాన్నీ ఇలాంటి సంస్థలు పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వాలి. చాసిస్‌కు ఈ పరీక్ష జరిగేది. బ్రేకులు, స్టీరింగు, పొగ అన్నీ చూసేవారు. కాని మనిషిని కాపాడవలసిన గది ఆ పరీక్ష తర్వాత కదా తయారయ్యేది! ఈ ఖాళీని పూడ్చడానికి 2001లో బస్సు బాడీల కోసం ఒక జాతీయ ప్రమాణం రూపొందింది. తలుపుల వెడల్పు, నడవా, అత్యవసర ద్వారాలు, బాడీ బలం అన్నీ అందులో ఉన్నాయి. కాగితం మీది నుంచి రోడ్డు మీదికి రావడానికి దానికి పదేళ్ళకు పైనే పట్టింది.

ఆ ప్రమాణాల్లో రెండు పరీక్షలు విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకోదగ్గవి. మొదటిది ఒరిగించే పరీక్ష. బస్సును ఒక పెద్ద పలక మీద నిలబెట్టి, పలకను మెల్లగా ఒక పక్కకు ఎత్తుతారు. లండన్ డబుల్ డెక్కర్ల పై అంతస్తులో ఇసుక బస్తాలు నింపి 28 డిగ్రీలు ఒరిగించిన ఫొటోలు ప్రపంచ ప్రసిద్ధం. హైదరాబాదులో ఒకప్పుడు తిరిగిన, 2023లో ఎలక్ట్రిక్ రూపంలో మళ్ళీ కనిపించిన డబుల్ డెక్కర్లను చూసి పడిపోతాయేమోనని భయపడే వారికి ఆ ఫొటోలు చూపించాలి.

ఇందులోని సూత్రం మీ పాఠ్యపుస్తకంలోదే. గురుత్వ కేంద్రం నుంచి గీసిన నిలువు గీత చక్రాల మధ్య ఉన్నంతసేపు బస్సు పడదు. చక్రాల మధ్య దూరంలో సగం 1 మీటరు, గురుత్వ కేంద్రం నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున ఉంది అనుకుంటే, బస్సు సుమారు 38 డిగ్రీల దాకా ఆగుతుంది. ఇప్పుడు మన సూరత్ బస్సు టాపు మీదికి చూడండి. 14 టన్నుల బస్సు మీద 2 టన్నుల చీరల మూటలు, నేల నుంచి 4 మీటర్ల ఎత్తున. గురుత్వ కేంద్రం 1.64 మీటర్లకు లేస్తుంది, కోణం 31 డిగ్రీలకు పడిపోతుంది. ఇంకోలా చెప్పాలంటే, 50 మీటర్ల వ్యాసార్ధం గల మలుపులో గంటకు 70 కిలోమీటర్ల దాకా తట్టుకోగల బస్సు 62 దగ్గరే ఒరిగిపోతుంది. స్ప్రింగులు ఒక పక్కకు కుంగడం లెక్కిస్తే నిజమైన అంకెలు ఇంకా తక్కువ. మూటలు ఎక్కించేవాడికి ఈ లెక్క తెలియదు, పరీక్షించిన సంస్థకు ఆ మూటల సంగతి తెలియదు.

రెండోది బోర్లా పడే పరీక్ష. ఐరోపా నిబంధనల్లోంచి మనం తీసుకున్నది ఇది. 800 మిల్లీమీటర్ల లోతు గుంట అంచున ఉన్న వేదిక మీద బస్సును నిలిపి, నెమ్మదిగా ఒరిగిస్తూ పోయి, దానంతటదే గుంటలోకి పడేటట్టు చేస్తారు. పది టన్నుల బస్సు గురుత్వ కేంద్రం ఒక మీటరు కిందికి దిగితే విడుదలయ్యే స్థితిజ శక్తి 98 వేల జౌళ్ళు. 50 కిలోల బియ్యం బస్తా 200 మీటర్ల ఎత్తు నుంచి పడ్డంత! ఆ శక్తినంతా కిటికీల మధ్య నిలువు కమ్ములు, టాపు మూలలు వంగి మింగాలి. వంగడం తప్పు కాదు, వంగాలి కూడా. కాని ప్రయాణికుల చుట్టూ ముందుగా నిర్ణయించిన ప్రాణ స్థలంలోకి ఏ కమ్మీ చొచ్చుకు రాకూడదు. పరీక్షకు ముందు లోపల ఆ ఆకారంలో చట్రాలు పెడతారు. పడ్డాక వాటిని ఏదైనా తాకిందా అని చూస్తారు, తాకితే ఫెయిలు.

నిప్పు

2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న ఏసీ బస్సు మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టు గోడను ఒరుసుకుంది. డీజిలు ట్యాంకు పగిలి నిప్పు అంటుకుంది. నిమిషాల్లో 45 మంది సజీవ దహనమయ్యారు. రెండు వారాలకే, నవంబరు 14న, కర్ణాటకలో హావేరి దగ్గర అలాంటి ప్రమాదంలోనే మరో 7 మంది మరణించారు. ఆ బస్సులు పాతవి కావు, నాసిరకం షెడ్డులో కట్టినవీ కావు. చట్రం విరగలేదు, టాపు కూలలేదు. అయినా మనుషులు బయటికి రాలేకపోయారు. వెర్సాయ్ రెండో ప్రశ్న మళ్ళీ ఎదురైంది. ఈసారి తాళాలు లేవు. తెరుచుకోని అద్దాలు, ఒకటే తలుపు, చీకటి, పొగ ఉన్నాయి.

సీటు గుడ్డ ఎంత వేగంగా కాలుతుందో పరీక్షించే పద్ధతి అంతకుముందే ఉంది. గుడ్డ ముక్కను అడ్డంగా బిగించి ఒక చివర నిప్పు పెడితే, మంట నిమిషానికి 100 మిల్లీమీటర్ల కన్నా వేగంగా పాకరాదని ఐరోపా నిబంధన. నిమిషానికి జానెడు కూడా లేదు, ఇంకేం భయం అనిపిస్తుంది. ఇక్కడే జాగ్రత్తగా ఆలోచించాలి. అడ్డంగా ఉన్న ముక్క మీద మంట వేడి పైకి పోతుంది, పక్కనున్న గుడ్డకు అంతగా తగలదు. నిలువుగా వేలాడే కర్టెనుకు కింద నిప్పు పెడితే మంట వేడంతా కాలవలసిన భాగాన్నే ముందుగా కాచి సిద్ధం చేస్తుంది. పైగా బస్సు మూసిన పెట్టె. వేడి పొగ టాపు కింద చేరి, కిందనున్న సీట్లన్నిటినీ ఒకేసారి కాల్చే స్థితికి తెస్తుంది. చిన్న ముక్క మీద నెగ్గిన పదార్థం పెద్ద గదిలో ఓడిపోవచ్చు. స్లీపర్ బస్సులో కర్టెన్లు, పరుపులు, ప్లైవుడ్డు అరలు ఎక్కువ, నడవా ఇరుకు. పై బెర్తులో పడుకున్నవాడి తల సరిగ్గా పొగ చేరే చోటే ఉంటుంది.

పాలెం తర్వాత బాడీ ప్రమాణం అమలు బిగిసింది. స్లీపర్ బస్సులకు విడిగా ప్రమాణం ఉంది, ఇంజను గదిలో మంటను తానే గుర్తించి తానే ఆర్పే యంత్రాలకు మరో ప్రమాణం వచ్చింది. అయినా 2025 అక్టోబరు నెల ఒక్కటే రెండు ఘోరాలు చూసింది. 14న రాజస్థాన్‌లో జైసల్మేర్ నుంచి బయలుదేరిన బస్సు కాలి 20 మందికి పైగా చనిపోయారు. అది కొద్ది రోజుల కిందట కొన్న కొత్త బస్సు, ఏసీ స్లీపర్‌గా మార్పులు చేసినది. 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద, హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్తున్న స్లీపర్ బస్సు రోడ్డు మీద పడి ఉన్న మోటారు సైకిలును ఈడ్చుకుపోవడంతో మంటలు లేచి, బస్సులోని 19 మంది బలయ్యారు. సీట్ల బస్సుగా రిజిస్టరయిన దాన్ని స్లీపర్‌గా మార్చారని పత్రికల్లో వచ్చింది.

ఈ మార్పుల సంగతి చిన్నదిగా కనబడుతుంది, నిజానికి అసలు మెలిక అక్కడే ఉంది. పరీక్ష నెగ్గినది ఒక నిర్దిష్ట రూపం. ఆ రూపంలో తలుపు ఎక్కడ, కిటికీ ఎక్కడ, వైర్లు ఎంత మందం, బరువు ఎంత ఎత్తున అన్నీ ఉన్నాయి. అత్యవసర ద్వారానికి అడ్డంగా ఒక బెర్తు బిగిస్తే, అదనపు ఏసీకి సన్నని వైరు వేస్తే, అది ఇక పరీక్షించిన బస్సు కాదు. పేరు, నంబరు, ధ్రువపత్రం మాత్రం అవే ఉంటాయి. ప్రయాణికుడికి తేడా తెలిసే మార్గం లేదు. నా దృష్టిలో మన పరీక్షా పద్ధతిలోని బలహీనత పరీక్షల్లో లేదు, పరీక్ష గదికీ రోడ్డుకూ మధ్యనున్న షెడ్డులో ఉంది.

ఇప్పుడు గోడాదరా వీధుల్లో డీజిలు ట్యాంకు లేని బస్సులు కూడా తిరుగుతున్నాయి. సూరత్‌లో 2014లో ప్రత్యేక బస్సు మార్గాలు మొదలయ్యాయి. తర్వాత వచ్చిన ఎలక్ట్రిక్ బస్సుల్లో కొన్ని హైదరాబాదు కంపెనీ ఒలెక్ట్రా తయారు చేసినవి. వలస వచ్చిన తెలుగువారి వెనకే తెలుగు నేల బస్సులూ వచ్చాయన్నమాట. వీటికి పరీక్షలు వేరు. బ్యాటరీని వణికిస్తారు, నలుపుతారు, వేడి చేస్తారు, నిప్పుల మీద పెడతారు. లోపలి ఘటాల్లో ఒకదాన్ని కావాలనే చెడగొట్టి, ఆ వేడి పక్క ఘటాలకు ఎంతసేపటికి పాకుతుందో చూస్తారు. అంతర్జాతీయ నియమం ప్రకారం, ప్రయాణికుల గదిలో ప్రమాద పరిస్థితి ఏర్పడడానికి కనీసం 5 నిమిషాల ముందు హెచ్చరిక మోగాలి.

అయిదు నిమిషాలు చాలా? ఇది మీరే లెక్కించవచ్చు. ఒక తలుపులోంచి మనిషి దిగడానికి 3 సెకన్లు అనుకుంటే, 40 మందికి 2 నిమిషాలు. ఇది మెలకువగా, వెలుతురులో, కింది సీట్లలో ఉన్నవారి లెక్క. ఈసారి ఊరికి వెళ్ళేటప్పుడు, స్లీపర్ బస్సు ఆగినచోట, చేతి గడియారం చూస్తూ కొలవండి: పై బెర్తులో పడుకున్న తాతగారికి కర్టెను తీసి, నిచ్చెన మెట్టు వెతుక్కుని, చెప్పులు లేకుండా నడవాలోకి దిగడానికి ఎన్ని సెకన్లు పట్టింది? అత్యవసర ద్వారం మీ బెర్తుకు ఎన్ని అడుగుల దూరం? అద్దం పగలగొట్టే సుత్తి కొక్కేనికి ఉందా, కొక్కెం ఒక్కటే మిగిలిందా?